ఐదో అంకె

మా సర్వేయరు గారు మంగళవారం పోయారు. కబురు వాట్సాప్‌లో వచ్చింది. దాని కింద “మహా మేధావి” అని మొదట రాసింది, ఒకప్పుడు ఆయన మీద రిపోర్టు రాసిన ఆఫీసరే. చదివిన పుస్తకాలన్నీ నాకు ఓర్పు నేర్పలేకపోయాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ సర్వే ఆఫీసులో నేను పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ని. సర్వేయరు గారి దగ్గర ఈక్వల్ మీట లేని కాలిక్యులేటర్ ఉండేది. అంకె కొట్టి ఎంటర్ నొక్కాలి, రెండో అంకె కొట్టి ప్లస్ నొక్కాలి. “లోపల నాలుగు అరలున్నాయనుకో. కొత్త అంకె కింది అరలోకి వస్తే పాతవి పైకి జరుగుతాయి. ఐదోది వస్తే పై అరలోది పోతుంది. అది చెప్పి పోదు. అందుకని రెండు రాగానే కలిపెయ్యి, దాచుకోకు” అనేవారు.

చాట్రాయి దగ్గర ఒక మామిడి తోట కొలిచాం. ఐదు ముక్కలు. ఆఫీసరు జీపు దిగాడు.

“ఏంటయ్యా ఇది, ఈక్వలే లేదు? జాతకాలు చూస్తావా దీంతో?”

“నాలుగుకి మించి దాచదండీ. ఎప్పటికప్పుడు కలుపుకోవాలండీ.”

“నాకు నేర్పుతావా? ఇటివ్వు.”

ఐదు విస్తీర్ణాలూ వరసగా ఎక్కించి, ఆపైన నాలుగుసార్లు ప్లస్ కొట్టాడు. మొదటి ముక్క ఎగిరిపోయింది. కూడేకొద్దీ పై అరలోని అంకె నకలు కిందికి దిగుతుంది గనక రెండో ముక్క రెండుసార్లు కలిసింది. మొదటిదానికంటే రెండోది పెద్దది, మొత్తం పెరిగింది. సర్వేయరు గారు నోరు తెరిచేలోపే మొత్తం రికార్డులో రాయించి జీపెక్కాడు. ఆ లెక్కతో తోట గట్టు, పక్క రైతు చెట్లలోకి జరిగింది. ఫిర్యాదు వెళ్లింది. ఆఫీసరు సర్వేయరు గారి మీద రిపోర్టు రాశాడు.

మా ఆఫీసులో ఒక ఆచారం: కొలత గొలుసు ఎవరిదో తప్పూ వాళ్లదే. విచారణలో “మిషను ఎవరిది?” అని అడిగారు. “నాదేనండీ” అన్నారాయన. మీటలు నొక్కిన చేయి ఎవరిదో ఎవరూ అడగలేదు. నేను చూశాను. నాకు ఇంక్రిమెంటు రావలసి ఉంది. నోరు మూసుకున్నాను.

ఆయన ప్రమోషన్ పోయింది. రిటైరయ్యేదాకా “తప్పుల సర్వేయరు” అన్నారు. ఒకసారి టీ కొట్టు దగ్గర అడిగారు: “నువ్వు చూశావు కదూ?”

“చూశానండీ.”

“తప్పెక్కడో తెలిసిందా?”

“తెలిసిందండీ.”

“అయితే నేను నేర్పింది వృథా పోలేదు” అని టీ తాగారు.

నిన్న సంతాప సభలో ఆఫీసరు పావుగంట పొగిడాడు. నేను లేచి, ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పాను. మైకు ఆపేశారు. అదంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, నూజివీడులో సర్వేయరు గారి ఇంటికి తీసుకెళ్లాను.

ఆయన భార్య కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది.

“ఆయనుండగా తేవాల్సిందండీ” అంది.

కాగితం మడిచి నడుము దగ్గర దోపుకుని, ఆయన వారం కిందట మగ్గడానికి గడ్డిలో పేర్చిన మామిడికాయల దగ్గర కూర్చుంది. ఒక్కొక్కటీ తీసి, ముచ్చిక దగ్గర వేలితో నొక్కి చూసి, ఇంకో పక్కకి తిప్పి పెడుతోంది.