ఖాజా దాచలేదు

చనిపోయిన ఒక మనిషిని అబద్ధాలకోరుగా నిలబెట్టి, ఏళ్ల తరబడి నేను పరువుగల మనిషిగా తిరిగాను. ఈ బరువు గురించి మా ఆయనకు కూడా చెప్పలేదు. ఎవరో తెలియని మీకు ఎందుకు చెబుతున్నాను? మీరు నా ముఖం చూడరు కాబట్టేనేమో. నా పేరు మాత్రం అడగకండి. ఉండేది వనపర్తిలో. బీమా ఏజెంటును. నిన్నమొన్నటిదాకా ఏజెంటును, అనాలి.

అంతకుముందు ఒక ప్రైవేటు బడిలో టీచరుగా పనిచేసేదాన్ని. మా ఆయనకు జిన్నింగ్ మిల్లులో పత్తి సీజనులోనే పని దొరికేది. ఆ రోజుల్లో మా వైపు బ్యాంకు అంటే ఊరికొక పాత బ్రాంచి, కిటికీ ముందు చాంతాడంత వరుస, లోపల విసుక్కునే గుమాస్తా. తర్వాత చూస్తుండగానే అంతా మారిపోయింది. కాలువల్లో నీళ్లొచ్చి బీళ్లు మళ్లయ్యాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. బట్టల కొట్ల పక్కన అద్దాల తలుపుల బ్యాంకులు వచ్చాయి. వాటి పై అంతస్తుల్లో బీమా కంపెనీల బోర్డులు వెలిశాయి. చేతిలో కాస్త డబ్బు ఆడుతున్న జనానికి దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పే మనుషులు కావలసివచ్చింది. నాకు మాట్లాడటం వచ్చు. స్కూటీ కొనుక్కుని ఊళ్లమీద పడ్డాను. టీచరమ్మ కదా, మోసం చేయదు అనుకున్నారు జనం.

కంపెనీ మాకు ట్యాబ్‌లు ఇచ్చింది. పాలసీ తీసుకునే మనిషి ఆరోగ్యం గురించి అందులో వరుసగా ప్రశ్నలు వస్తాయి. ఆ పేజీ దగ్గర ఆగితే కస్టమరు భయపడతాడు, అన్నింటికీ ‘లేదు’ నొక్కుకుంటూ వెళ్లిపోండి అని మా మేనేజరు శిక్షణలోనే చెప్పాడు. అందరం అలాగే చేసేవాళ్లం. అందరం అని రాశాను, చూశారా? తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని కూడా పక్కన నలుగురిని నిలబెట్టుకోవాలనిపిస్తోంది. నొక్కింది నా వేలు.

కొల్లాపూర్‌లో ఖాజా మామిడితోటలు గుత్తకు పట్టేవాడు. పూత చూసి బేరం కుదుర్చుకుని, కాయ దిగేదాకా కాపలా కాసి అమ్ముకునేవాడు. కొనడానికి వచ్చినవాళ్లకు మచ్చపడ్డ కాయలను తనే ఏరి చూపించేవాడట. ఆ పిచ్చితనం వల్లే తాము బాగుపడలేదని భార్య రహీమా నవ్వుతూ విసుక్కునేదట. నేను పాలసీ రాయించడానికి వెళ్లిన రోజు ఆమె తోటలో ఉంది. ఆయనే చాయ్ పెట్టి ఇచ్చాడు. నేను గబగబా నొక్కుకుంటూ పోతుంటే ఆపాడు.

“చెల్లె, జర ఆగు. పోయినేడు నాకు గుండెల నొప్పొచ్చి కర్నూలు దవాఖానల ఉండొచ్చిన. గోలీలు ఇంక మింగుతనే ఉన్న. అది గూడ రాయి.”

“ఇప్పుడు బాగనే ఉన్నరు గద అన్నా. గవన్ని రాస్తె వాళ్లు ఊకె పరేషాన్ చేస్తరు.”

“రాయకుంటె రేపు మా ఇంటామెకు తక్లీఫ్ అయితదేమో?”

“ఏం గాదన్నా. నేను లేనా?”

నేను లేనా, అన్నాను. ఆయన తలూపి సంతకం చేశాడు. ఆ నెల నా టార్గెట్‌కు ఒక్క పాలసీ తక్కువగా ఉంది. ఇంతకన్నా పెద్ద కారణమేదైనా ఉండి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. లేదు. అంతే.

మరుసటి ఏడు కాయలు దింపుతుండగా తోటలోనే కుప్పకూలి చనిపోయాడు. కంపెనీ విచారణకు మనిషిని పంపింది. అతను వీధిలో అడిగాడు, కర్నూలు వెళ్లి దవాఖానలో అడిగాడు. చనిపోయిన వ్యక్తి జబ్బు దాచిపెట్టి పాలసీ తీసుకున్నాడు కనుక డబ్బు ఇవ్వబోమన్నారు.

ఖాజా వాళ్ల అన్నయ్య ఇస్మాయిల్‌కు కొల్లాపూర్‌లోనే కిరాణా కొట్టు ఉంది. తల్లిదండ్రులు పోతే తమ్ముణ్ణి చేతులమీద పెంచాడు. మసీదులో నలుగురూ ఆయన మాట వింటారు. డబ్బు రాకపోవడం కన్నా, తమ్ముడు దాచిపెట్టాడని ఎవరో వచ్చి వీధిలో చెప్పిపోవడం ఆయన్ను కాల్చేసింది. నన్ను పిలిపించాడు. వెళ్లేసరికి ఇంటినిండా బంధువులున్నారు. రహీమా, బడికెళ్లే కూతుర్ని పక్కన పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“అమ్మా, నీ మీద నాకు నమ్మకముంది. మా తమ్ముడు గుండె బీమారి సంగతి నీకు చెప్పిండా, దాచిండా? ఒక్కటే మాట చెప్పు” అన్నాడు ఇస్మాయిల్.

“ఆయన చెప్పకుండ ఉండడు బావా” అంది రహీమా. ఆమె చూస్తున్నది నన్ను.

నేను నిజం చెప్పి ఉండొచ్చు. చెబితే ఏజెన్సీ పోతుంది, నేను రాసిన పాలసీలన్నీ తిరగతోడతారు, ఇంటి లోను వాయిదాలు ఆగిపోతాయి. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానా? లేదు. తర్వాత నాకు నేను చెప్పుకున్న కారణాలివి. ఆ క్షణంలో ఉన్న భయం ఒక్కటే. ఇంతమంది ముందు తల దించుకోవాలి. నా తల దించుకోలేక ఆయన తల దించాను. ఎలాగూ చూడటానికి ఆయన లేడు.

“నాకైతే చెప్పలేదు” అన్నాను.

రహీమా వాదించలేదు. కళ్లు దించుకుంది, అంతే. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని వదిలి నా మాట నమ్మింది. ఆమె అరిచి ఉంటే, నా జుట్టు పట్టుకుని ఉంటే, బహుశా నిజం నా నోట్లోంచి ఊడిపడేదేమో. బహుశా. ఇదీ నాకు నేను చెప్పుకునే మాటే కావచ్చు.

ఆ తర్వాత ఇస్మాయిల్ తమ్ముడి పేరెత్తడం మానేశాడట. ఏటా ఖాజా పేరిట చేసే ఫాతిహా ప్రార్థనకు వచ్చేవాడు కాదట. రహీమా తోటలు పట్టడం వదిలేసి, పరాయి తోటల్లో కాయలు పెట్టెలకెత్తే కూలికి పోయింది. నేనేమయ్యాను? నేను పెరిగాను. మూడు జిల్లాల్లో కొత్త ఏజెంట్లకు పాఠాలు చెప్పేదాన్నయ్యాను. ఫంక్షన్ హాలులో శాలువా కప్పారు. ఒకసారి నాగర్‌కర్నూల్ బస్టాండులో రహీమా ఎదురుపడింది. తప్పించుకుందామనుకునే లోపే దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఆయన గట్ల చేస్తడని నాకు తెల్వదు అక్కా. మా వల్ల నువ్వు గూడ కంపెనీల మాటపడ్డవేమో” అంది.

“పోనీలే రహీమా” అన్నాను. ఆమెను క్షమించినట్టు.

ఆ మాట రాయడానికి ఇప్పుడు కూడా నా చెయ్యి సాగడం లేదు. ఏ పని చేసినందుకు ఎక్కువ సిగ్గుపడాలో నాకే తెలియదు. ‘లేదు’ నొక్కినందుకా, చెప్పలేదన్నందుకా, ఈ ‘పోనీలే’ అన్నందుకా?

అలాగే బతికేసేదాన్నేమో. మొన్న ఎండాకాలం గద్వాలలో కొత్తగా తెరిచిన ఒక బ్యాంకుకు పనిమీద వెళ్లాను. ఇప్పుడు బ్యాంకుల్లోనూ బీమా అమ్ముతున్నారు కదా. ఆ టేబులు దగ్గర ఒక అమ్మాయి, ధరూర్ నుంచి వచ్చిన ముసలి రైతుకు ఒక్కో ప్రశ్నా తెలుగులో చదివి వినిపిస్తోంది. ఆయన బీపీ సంగతి చెప్పాలా వద్దా అని నసుగుతున్నాడు.

“ఉన్నది ఉన్నట్లు చెప్పు పెద్దనాయనా” అంది ఆ అమ్మాయి. “మా నాయిన గిట్లనే దాచిపెట్టిండు. ఆయన పోయినంక మేం ఆగమైనం.”

నేను అప్పుడు ఆమె ముఖం చూశాను. ఖాజా కూతురు నసీమా. చిన్నప్పుడు చూసిన పిల్ల. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది, కుర్చీ లాగింది, నీళ్లు తెప్పించింది. ఆ నీళ్లు తాగలేకపోయాను. తండ్రి గురించి ఆ మాట రోజుకు ఎంతమందికి చెబుతోందో! దాన్ని ఆమె నోట్లో పెట్టింది నేను. పని చూసుకోకుండానే బయటికి వచ్చేశాను.

మరునాడు కొల్లాపూర్ బస్సెక్కాను. రహీమా ఇంట్లోనే ఉంది. కూర్చోమంది. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. చాయ్ సంగతి, దవాఖాన సంగతి, ఆయన రాయమన్న సంగతి, నేను నొక్కిన సంగతి. అంతా విన్నాక ఆమె కొంగు తల మీదికి లాక్కుని లేచింది.

“నడువు. మా బావ ఇంటికాడ చెప్పు.”

ఇస్మాయిల్ ముసలివాడైపోయాడు. చెవులు సరిగా వినబడటం లేదు. నేను మెల్లగా చెప్పింది అందక చెయ్యి చెవికి అడ్డం పెట్టుకున్నాడు. “జర గట్టిగ చెప్పమ్మా.” గట్టిగా చెప్పాను. అదీ అందలేదు. చివరికి ఆ వరండాలో నిలబడి అరిచాను. “మీ తమ్ముడు నాకు చెప్పిండు! నేనే రాయలే! ఆయన దాచలే!” పక్కిళ్లవాళ్లు తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు. ఏ నలుగురికి భయపడి అబద్ధమాడానో, అంతకన్నా ఎక్కువమందే ఉన్నారు.

ఇస్మాయిల్ టోపీ పెట్టుకుని, కర్ర తీసుకుని, మనవణ్ణి కూడా పిలవకుండా మెట్లు దిగాడు. ఎక్కడికి అని ఎవరో అడిగితే, “ఖాజా కాడికి” అన్నాడు.

రహీమా నాతో బస్సు దాకా వచ్చింది. సాగనంపడానికి కాదు. అడగడానికి.

“నీ మాట నమ్మి ఇన్నేండ్లు ఆయనను మనసుల తిట్టుకున్న. నమాజు చేస్కుంట గూడ తిట్టుకున్న. అదంత ఎట్ల వాపస్ తీస్కోవాలె అక్కా?”

క్షమించమని నేను అడగలేదు, ఆమె క్షమిస్తానని అనలేదు. కంపెనీకి జరిగింది రాసి సంతకం చేసి ఇచ్చాను. నా ఏజెన్సీ ఆపేశారు. రహీమాకు రావలసింది ఇప్పుడైనా ఇస్తారో లేదో తెలియదు. నసీమాకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎత్తకపోవడమే న్యాయం.

ఇంకొక్క సంగతి ఉంది. ఆ రోజు తిరుగు బస్సులో, కొల్లాపూర్ దాటాక, నా గుండెలో ఏదో తేలికైంది. ఆ ఇంట్లో అంత ఏడుపు పెట్టి వచ్చి నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అందుకూ సిగ్గుగానే ఉంది. అయినా తేలికైన మాట నిజం. అదీ దాచదలచుకోలేదు.