కట్టుడు సీటు

పాత కార్ల వాళ్ళందరూ అతన్ని భూతద్దం అనే పిలిచేవాళ్ళు. పేరు పెట్టిన తల్లి కూడా చివరి రోజుల్లో "భూతద్దం వచ్చాడా, అన్నం తిన్నాడా" అనే అడిగేదట. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న టార్చి ఒకటి, పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే పుల్ల అద్దం ఒకటి ఉంటాయి. ఇనప సామాను మీద ఉన్నంత దృష్టి మనుషుల మీద ఉండదని అతని భార్య వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఆవిడ మాటలో అబద్ధం లేదు.

అతని పనేమిటో చెబితే చాలామందికి నవ్వొస్తుంది. ఎప్పుడో మూతపడిన కంపెనీల కార్లను వెతికి వెతికి కొనుక్కునే పిచ్చివాళ్ళు కొందరుంటారు. అలాంటి కారులో నూటికో కోటికో ఒకదానికి ఉండే సామాను ఏదైనా కనిపిస్తే, అంటే పైకప్పులో తెరుచుకునే తలుపో, వెనక కూర్చున్న వాళ్ళకు వేరే హీటరో, ఆ కారు యజమాని నేల మీద నడవడు. అయితే ఆ సామాను కంపెనీ వాడు బిగించి పంపిందే అయి ఉండాలి. తర్వాతెవరో షెడ్డులో పెట్టించుకున్నదైతే దానికి కానీ విలువ కూడా ఉండదు. ఏది కంపెనీదో ఏది షెడ్డుదో తేల్చి చెప్పడమే భూతద్దం పని.

దానికతనికో పద్ధతి ఉంది. చాప పరుచుకుని కారు కిందికి దూరి, ఆ సామాను బిగించిన కన్నాల అంచులు చూస్తాడు. కంపెనీలో ముందు రేకుకు కన్నాలు వేసి తర్వాత రంగు వేస్తారు కాబట్టి కన్నం అంచు లోపలికి కూడా రంగు దిగుతుంది. తర్వాతెవరైనా తొలిచి ఉంటే అంచున వట్టి ఇనుము బయటపడి తుప్పు ఉంగరంలా చుట్టుకుంటుంది. "కార్లమ్మేవాడు అబద్ధం చెప్పొచ్చు, రంగు చెప్పదు" అనేవాడు, మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ. ఆ మాట తర్వాత ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. అలా ఎవరూ ఎదురు చెప్పకపోవడం మనిషికి ఎంత చెరుపు చేస్తుందో అతనికి అప్పటికి తెలీదు.

ఇక అతని బావ సంగతి. అక్క మొగుడు. పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసి ఇచ్చే పని ఆయనది. వంటింటి పక్క గదిలో కూర్చుని, ఎవరిదో నోటి అచ్చు ముందు పెట్టుకుని, ఒక్కో పన్నూ చెవి దగ్గర తట్టి చూసుకుంటూ అమర్చేవాడు. మాట మెత్తన, నడక మెత్తన. గొప్పలు చెప్పుకోవడం చేతకాని మనిషి. ఆయన గొప్పగా చెప్పుకునేది జన్మకంతా ఒక్కటే, తన కారు సీటు.

అక్కకు చిన్నప్పుడు జబ్బు చేసి ఎడమ కాలు బిగుసుకుపోయింది. మోకాలు వంగదు. పెళ్ళైన కొత్తలో బావ ఎక్కడో విన్నాడు, ఫలానా కంపెనీ కొద్దిమంది కోసం ముందు సీటు బయటికి తిరిగేలా చేసి ఇచ్చేదని. ఆ కారు కోసం ఆయన వెతకని ఊరు లేదు. ఆఖరికి జుట్టు నెరిసే వేళకు దొరికింది. తలుపు తీసి, సీటు పక్కన చిన్న పిడి లాగితే చాలు, సీటు మెల్లగా వీధి వైపు తిరిగేది. అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని హాయిగా కూర్చునేది. మళ్ళీ లోపలికి తిరిగేటప్పుడు ప్రతిసారీ చిన్నపిల్లలా నవ్వేది. "ఫ్యాక్టరీ నుంచే ఇలా వచ్చింది" అనేవాడు బావ, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ.

నెలకో ఆదివారం పాత కార్ల వాళ్ళంతా మూతపడిన సినిమా హాలు వెనక ఖాళీ స్థలంలో కలిసేవాళ్ళు. బావ కూడా అక్కను తీసుకుని రావడం మొదలుపెట్టాడు. ఒకసారి పై ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి ఎవరో ఆ సీటు చూసి ముచ్చటపడి, "ఇది నిజంగా కంపెనీదేనా?" అన్నాడు. "మా బావమరిదే ఉన్నాడుగా, వాణ్ణే అడగండి" అన్నాడు బావ ధీమాగా.

భూతద్దం చాప పరిచాడు. కన్నాల అంచుల్లో రంగు లేదు. ప్రతి కన్నం చుట్టూ తుప్పే. సీటు కింద ఒక ఇనప దిమ్మ ఉంది, దాన్ని ఊడదీస్తే అడుగు భాగం కూడా చూడొచ్చు. స్పానరు పక్కనే ఉంది. కానీ చూసిందే చాలనుకున్నాడు. పైగా చుట్టూ పదిమంది ఉన్నారు, చుట్టం కదా అని వదిలేశాడంటారేమో అని లోపల ఒక పురుగు తొలిచింది. నిజాయితీ కూడా ఒక్కోసారి మనిషికి కొత్త చొక్కా లాంటిదే, నలుగురూ చూడాలనిపిస్తుంది.

బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుని, "షెడ్డు పని" అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మా బావ పళ్ళు కడతాడు, ఆయనకెవరో సీటు కట్టారు. ఇది కట్టుడు సీటండీ!" అన్నాడు.

ఆ స్థలమంతా ఘొల్లుమంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? సాయంత్రానికల్లా ఆ మాట ఊళ్ళో పాత కార్ల వాళ్ళందరికీ చేరింది. బావ కూడా అందరితో పాటు నవ్వాడు. నవ్వుతూనే తలుపు వేశాడు. అక్క మాత్రం నవ్వలేదు, తమ్ముడి వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. ఆ తర్వాత వాళ్ళు ఆదివారాలు రావడం మానేశారు. ఫోను చేస్తే "పని ఒత్తిడిరా" అనేవాడు బావ. భూతద్దం ఆ మాట నమ్మేశాడు, నమ్మితేనే సుఖం కాబట్టి.

ఏడాది తిరిగాక దూరపు ఊరి నుంచి కబురొచ్చింది. ఒక ముసలి డాక్టరుగారు పోయారు, ఆయన కారు చాలా కాలంగా గ్యారేజీలోనే పడి ఉంది, అమ్మే ముందు వచ్చి చూసి పెట్టమని. వెళ్ళాడు. అదే కంపెనీ, అదే మోడలు. తలుపు తీసి చూస్తే పక్కన చిన్న పిడి. లాగాడు. సీటు కీచుమంటూ బయటికి తిరిగింది.

చాప పరిచి కిందికి దూరాడు. కన్నాల చుట్టూ తుప్పు ఉంగరాలు, అచ్చం బావ కారులో ఉన్నట్టే. "ఇదీ షెడ్డు పనే" అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట నిజమైతే బాగుండునని అతను కోరుకున్నంతగా ఎన్నడూ దేన్నీ కోరుకోలేదు. ఈసారి మాత్రం ఇనప దిమ్మ ఊడదీశాడు. బోల్టులు మొరాయిస్తే నూనె పోసి, నానబెట్టి, అర పూట కూర్చుని తీశాడు. దిమ్మ తిరగేసి టార్చి వేస్తే, ఇనుములో దిగబడి కంపెనీ ముద్ర కనిపించింది. తలుపు మడతబందుల కింద ఉండే ముద్రే. ఏ షెడ్డు వాడూ వేయలేని ముద్ర.

అప్పుడర్థమైంది. ఇలాంటి కార్లు కంపెనీకి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. వాటి కోసం మొదటే వేరే కన్నాలు ఎవరు వేస్తారు? అన్ని కార్లతో పాటు రంగు వేసేసి, ఆఖర్న పక్కకు తీసి తొలిచి బిగించారు. రంగు అబద్ధం చెప్పలేదు. అతనే దానికి తెలియని సంగతి దానినడిగాడు. ఆ గ్యారేజీ నేల మీద, వెల్లకిలా పడుకుని ఉన్నవాడు ఉన్నట్టే రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఏమైందండీ, కంట్లో ఏమైనా పడిందా?" అని అడిగాడు డాక్టరుగారి కొడుకు. "అవునండీ" అన్నాడు.

మర్నాడు బావ ఇంటికి వెళ్ళాడు. గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వీధి చివరికి తిరిగొచ్చాడు. ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్ళాలో తెలియలేదు. ఆఖరికి అక్కే కిటికీలోంచి చూసి, "కాపలా కాస్తున్నావా ఏంట్రా, లోపలికి రా" అంది.

బావ పళ్ళు అమరుస్తున్నాడు. తలెత్తి "రా, కూర్చో" అన్నాడు.

"బావా, ఆ సీటు కంపెనీదే. నేనే తప్పు చెప్పాను. దిమ్మ అడుగున ముద్ర ఉంటుంది, పద, ఇప్పుడే తీసి చూపిస్తాను."

బావ చేతిలో పన్ను కింద పెట్టాడు. "అది లేదుగా" అన్నాడు.

"లేదంటే?"

"తీయించేశాను. మామూలు సీటు వేయించాను. పాతది ఇనప కొట్టు వాడు పట్టుకుపోయాడు, ఈపాటికి కరిగించేసి ఉంటాడు." బావ గొంతులో కోపం లేదు. ఉంటే భూతద్దం బతికిపోయేవాడు. "ఎక్కడికెళ్ళినా కట్టుడు సీటు అంటున్నారురా. మీ అక్క కూర్చుని ఉండగానే అంటున్నారు. నన్నెవడో మోసం చేశాడు, నేను మీ అక్కను మోసం చేశాననిపించింది."

భూతద్దానికి తల కొట్టేసినట్టయింది. అక్క వైపు చూడలేక గోడ వైపు చూశాడు. "అక్కా, నన్ను క్షమించు. అది అసలైనదే" అన్నాడు మళ్ళీ, అదేదో ఆవిడకు పనికొచ్చే మాటైనట్టు.

"అసలైనదైతే నాకేం, కాకపోతే నాకేంరా?" అంది అక్క. "అది తిరిగేది. నాకు అంతే కావాల్సింది. మీరిద్దరూ కలిసి, తిరిగే సీటు పారేసి తిరగనిది పెట్టారు. ఇప్పుడు మీ బావ కాలు పట్టి లోపల పెడుతుంటే ప్రాణం పోతుంది. అందుకే ఎక్కడికీ వెళ్ళడం మానేశాను." కాలు సర్దుకుని మళ్ళీ అంది. "నా సంగతి వదిలెయ్. ఆ రోజు నుంచి ఈయన నలుగురిలో తలెత్తడం లేదు. పదిమందిలో అన్నావు, పదిమందిలోనే చెప్పు. నేనూ వస్తాను."

ఆదివారం వచ్చారు. అక్క కారు దిగలేనంది. దిగడం ఒక నొప్పి, మళ్ళీ ఎక్కడం ఇంకో నొప్పి. స్థలం అంచున, గోడ పక్కన కారు ఆపి ఆవిడ లోపలే కూర్చుంది. బావ మాత్రం వచ్చి జనం వెనక నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

భూతద్దం మధ్యలోకి వెళ్ళి అంతా చెప్పాడు. కన్నాల సంగతి, ముద్ర సంగతి, దిమ్మ ఊడదీయడానికి బద్ధకించిన సంగతి, నలుగురిలో గొప్ప కోసం బావను నవ్వులపాలు చేసిన సంగతి. చెప్పాక మెడ వంచుకుని నిలబడ్డాడు, వాళ్ళు తిడితే పడదామని.

పాత కార్ల వాళ్ళ సంఘానికి పెద్దాయన ముందుకొచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇదీ మనిషంటే! తన తప్పు తనే ఒప్పుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు? ఇక మీదట ఈయన మాటకు తిరుగే లేదు" అన్నాడు. అంతే, అందరూ చప్పట్లు. "నాకు కాదండీ, మా బావకు..." అంటూనే ఉన్నాడు, చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. ఒకాయన వచ్చి చెయ్యి కలిపాడు. ఇంకొకాయన తన కారు కూడా చూసి పెట్టమన్నాడు. వెనక నిలబడ్డ బావ దగ్గరికి వెళ్ళింది ఒక్కడే. వాడూ "అయ్యో, ఆ సీటు అట్టే పెట్టుకోవాల్సిందండీ, ఎంత పలికేదో!" అని నాలుక చప్పరించి వచ్చేశాడు.

బావా బావమరుదులిద్దరూ కారు దాకా నడిచారు. అక్క అద్దం దించుకుని ఎదురుచూస్తోంది.

"చెప్పావురా?"

"చెప్పానక్కా."

"చప్పట్లు ఇక్కడిదాకా వినపడ్డాయి." ఆవిడ మొహం కళకళలాడుతోంది. "మీ బావకేగా?"

ముందు అద్దం తుడుస్తున్న బావ చెయ్యి ఆగింది. ఆయన తల తిప్పలేదు. భూతద్దం ఆ వంగిన వీపు వైపు ఒకసారి, అక్క మొహం వైపు ఒకసారి చూశాడు. బతుకంతా ఇది అసలు, ఇది నకిలీ అని తేల్చి చెప్పినవాడు ఆ క్షణం జేబులో టార్చి తడుముకున్నాడు.

"బావకేనక్కా" అన్నాడు.

"నేననుకున్నానులే" అంది అక్క. "ఎక్కు, ఇంటికొచ్చి భోంచేసి వెళ్ళు."

వెనక సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా అక్క అడుగుతూనే ఉంది, ఎవరెవరు ఏమేమన్నారని. పెద్దాయన బావ చెయ్యి పట్టుకున్నాడని చెప్పాడు. కట్టుడు సీటు అన్నవాళ్ళంతా తప్పయిందన్నారని చెప్పాడు. ఒక్కొక్కటీ కల్పించి చెబుతుంటే సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అన్నీ వింటూ బావ కారు నడుపుతున్నాడు. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు, అవునని గానీ కాదని గానీ అనలేదు.

ఇంటి ముందు ఆగగానే, బావ ఇటు వైపు తిరిగి వచ్చేలోపే భూతద్దం దిగి తలుపు తీశాడు. నేల మీద కూర్చుని, రెండు చేతులతో ఆ బిగుసుకుపోయిన కాలు పట్టుకుని బయటికి తీయబోయాడు.

"మెల్లిగారా" అంది అక్క, పళ్ళ బిగువున. "నొప్పెడుతోంది."