ఎడమవైపు ఛర్రాలు

మొన్న హైవే పక్కన టైర్ల షాపులో కారు చక్రాలు సరిచేయిస్తుంటే, బ్యాలెన్సు కోసం పాత రిమ్ముకు తగిలించి, ఇప్పుడు ఊడదీసిన సీసపు ముక్కను మెకానిక్ నా చేతిలో పెట్టాడు. వేలి కణుపంత ఉంది. కానీ చెయ్యి అనుకోకుండా కిందికి కుంగింది. సీసం ఎప్పుడూ కంటికి తోచినదానికంటే బరువే. నాకు తెలియకుండానే గోరుతో గీశాను. బూడిదరంగు కింద వెండిలాంటి గీత మెరిసింది. అలా గీసి చూడటం నాకు నేర్పింది మా అనసూయత్త.

అనసూయత్త మా నాన్నకు అక్క. బీదర్‌కు కోడలిగా వెళ్లి, భర్త పోయాక పుట్టింటికి తిరిగి వచ్చింది. తాత కాలంలో జహీరాబాద్ చుట్టుపక్కల మా ఇల్లు తెలియనివారు లేరు. నాన్న కాలంలో పొలాలు ఒక్కొక్కటే చేతులు మారాయి. నాన్న కూడా పోయి, నేను ఇంటిపెద్దనయ్యేనాటికి మిగిలినవి రెండు గదులు, ఒక పెరడు, రాతి స్తంభాలకు బిగించిన ఇనుప గేటు. తాతను తలుచుకుంటే నా వెన్ను దానంతటదే నిటారుగా అయ్యేది. నాన్న మాట వస్తే నేను మాట మార్చేవాణ్ని. ఉన్నదంతా అతిథులకూ షికారు వేటకూ ధారపోసింది ఆయనే అన్నది నా నమ్మకం.

ఎనభైల మొదట్లో ఊళ్లో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తా పని ఉందని కబురు వచ్చింది. సోమవారంలోగా ఏ సంగతో చెప్పమన్నారు. మా ఇంట్లో ఎవరూ ఇంకొకరి ముందు నిలబడి జీతం తీసుకోలేదు. తాత మనవడు ఆ పని చేయడమా అని నేను నాన్చుతున్నాను. అత్త ఆ సంగతి ఎత్తనేలేదు. ఆ వారంలోనే చెరకు లారీ ఒకటి వెనక్కి వస్తూ మా గేటును గుద్దింది. స్తంభానికి తొలిచిన గుంతలో సీసం పోసి బిగించిన కీలు ఊడి కిందపడింది. బజారుకు పోయి సీసం అడిగితే మా గేటు కూలిన సంగతి ఊరంతా నములుతుందని నాకు మనసొప్పలేదు. అప్పుడు పెరట్లోని మట్టికట్ట గుర్తొచ్చింది.

ఆ కట్ట మీద ఖాళీ కుండలు పెట్టి మా వాళ్లు తుపాకీ గురి చూసేవారు. తూటాలో ఉండే చిన్న గుండ్లను మా ఇంట్లో ఛర్రాలనేవారు. అవి మట్టిలో దిగబడి అక్కడే ఉండిపోయేవి. ఏటా వానలు వెలిశాక, షికారు మొదలయ్యేముందు, కట్ట ముఖాన కొత్త ఎర్రమట్టి మెత్తించడం మా ఇంటి ఆచారం. అతిథులు కుడివైపు, ఇంటివాళ్లు ఎడమవైపు నిలబడి కాల్చాలన్నది ఇంకో ఆచారం. తాత విలాయతి సీసం తప్ప వాడేవాడు కాదని నేను పదిమందికీ చెప్పుకునేవాణ్ని.

దొరికినచోటల్లా తవ్వి, జల్లించి, ఛర్రాలన్నీ ఒకే తట్టలో పోసి పొయ్యి రాజేశాను. మూకుడు పెట్టబోతుంటే అత్త వచ్చింది.

“ఏం పోస్తున్నవ్ దొరా అండ్ల?” అంది. నన్ను ఎగతాళి చేయాలనుకున్నప్పుడే ఆమె నోట దొరా అన్న మాట వచ్చేది.

“సీసం, అత్తా.”

“సీసమని నీకెవలు చెప్పిన్రు?”

ఆమె పిడికెడు ఛర్రాలు తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది. తడివి కాగిన సీసంలో పడితే ఆవిరి లేచి సీసం మొహాన చిందుతుందని, ముందు ఎండబెట్టమని చెప్పింది. అంతటితో ఆగలేదు. ఆ తట్టను పక్కన పెట్టి మళ్లీ తవ్వమంది. పై పొర వేరు, లోపలి పొరలు వేరు, కుడి వేరు, ఎడమ వేరు పెట్టాలంది. ఇనుము గినుము ఉన్నా కరిగినప్పుడు పైకి తేలుతుంది కదా, గరిటెతో తీసేస్తే పోతుంది కదా అని నేను వాదించాను.

“తేల్తది. తీసి పారేస్తవ్. గది ఏడికెల్లి వచ్చిందో మల్ల ఎవలు చెప్తరు?”

నేను మళ్లీ గడ్డపార అందుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ ఆసక్తి పుట్టింది. ఎండిన ఛర్రాలను ఆమె అరుగు మీద కుప్పలుగా పోయించింది. పాత రేడియో స్పీకరులోని అయస్కాంతం, ఒక మేకు, సుత్తి ముందు పెట్టింది. అన్నిటికంటే లోపలి, తాతనాటి పొరలోవి తెల్లటి పొక్కు కట్టి ఉన్నాయి. పొక్కు రాలగొట్టి గోరుతో గీస్తే గీత పడింది. సుత్తి వేస్తే రొట్టెలా సాగాయి. చాలావాటికి ఒక చిన్న తోక కూడా ఉంది. కరిగిన సీసాన్ని చుక్కలుగా నీళ్లలో వదిలితే అలాంటి తోక వస్తుందని అత్త చెప్పింది. “విలాయతి గాదు బిడ్డా, ఈ పెరట్లనే పోసినయి,” అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. దానికి పైనున్న నడిమి పొరల్లోవి గోరుకు లొంగలేదు, మేకుకు లొంగాయి. సుత్తి దెబ్బకు అంచులు చిట్లాయి. అవి దుకాణంలో కొన్న తూటాలవి. గట్టిపడటానికి సీసంలో వేరే లోహం కలుపుతారట.

చివరకు పై పొర మిగిలింది. అవి నాన్న చివరి ఏళ్లలోవి. కుడివైపు కుప్ప మొత్తం దుకాణపు సీసమే. ఎడమవైపు కుప్ప దగ్గరికి అయస్కాంతం తేగానే తుప్పు పట్టిన గుండ్లు ఎగిరి దానికి అతుక్కున్నాయి. మేకు వాటి మీద జారిపోయింది. సుత్తి వెనక్కి ఎగిరింది. తుప్పు గీకి చూస్తే నున్నగా, అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. సైకిల్ చక్రాల్లో వేసే గోలీలు.

నేను కుడి కుప్పనూ ఎడమ కుప్పనూ మార్చిమార్చి చూస్తూ కూర్చున్నాను. నాన్న తుపాకీ గొట్టం లోపల పొడవునా గీతలు ఉండేవి. వేల తూటాలు కాల్చిన గుర్తులవి అని ఆయన గొప్పగా చెప్పేవాడు. అవి దేని గీతలో ఇప్పుడు తెలిసింది. ఎడమవైపే ఎందుకని అత్తను అడిగాను.

పొలాలు పోయినా చలికాలం వచ్చేసరికి హైదరాబాద్ నుంచి అతిథులు రావడం ఆగలేదట. నాన్న వాళ్లకు సరిపడా మాత్రమే తూటాలు కొనేవాడట. తన కోసం కాల్చేసిన ఖాళీ తూటాలు ఏరుకొచ్చి, మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్నాక, అక్కాతమ్ముళ్లు కూర్చుని వాటిలో తుపాకీమందూ గోలీలూ నింపేవారట.

“బందూకు ఖరాబైతదిరా అని నేనన్న. ఖరాబైతే నా బందూకే గదక్కా, కుడి దిక్కు మాత్రం సీసమే పోవాలె అన్నడు.”

ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తే నమ్ముతుంటివా? మీ నాయన పేరు తీస్తె నీ మొకం ఎట్లయితదో నాకెర్క లేదా?” అంది. గోలీలను కొంగులో పోసుకుంటూ, “గోలీలు పేల్చుకుంట గూడ నిటారుగనే నిలవడ్డడు. నువ్వు స్టోర్సుల నిలవడితే ఒంగిపోతవా?” అంది.

గేటుకు లోపలి పొర సీసమే పోశాం. గుంతలో సీసం చల్లారాక ఉలి పెట్టి కొట్టి బిగించాలి, దానికి మెత్తనిదే పనికొస్తుంది. ఇనుప గోలీలను కరిగించడం మా పొయ్యి వల్ల కాదు. అత్త వాటిని తీసుకెళ్లి కట్టకు ఎడమవైపే పాతిపెట్టింది. పారేయమని నేనూ అనలేదు.

ఆ ఉద్యోగంలోనే నేను చివరిదాకా ఉన్నాను. అత్త పోయి చాలా కాలమైంది. ఒక మనిషి గురించి ఎవరు ఏం చెప్పినా, ఏ చోటి నుంచి, ఏ కాలం నుంచి వచ్చిన మాటో చూడకుండా నేనిప్పటికీ ఒకే తట్టలో కలపను. అది ఆమె పెట్టిన అలవాటు.

ఆ సోమవారం ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు బల్ల అవతల కూర్చున్న పెద్దమనిషి నా పేరు రాసుకుని, ఎవరి తాలూకని అడిగాడు. ఎవరడిగినా తాత పేరుతో మొదలుపెట్టడం నాకు అలవాటు. ఆ రోజు నాన్న పేరు చెప్పాను. ఆయనకు ఆ పేరు తెలియదు. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.