నాయన కూర్చోమన్న సాయంత్రం

దేవుణ్ణి నమ్మనివాణ్ణి, అద్భుతాలనూ నమ్మను. అయినా రాజపాలయం డేరా సినిమాలో ఒక సాయంత్రం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ లేచి గంతేయాలనిపిస్తుంది.

పేరున్న నవల ఒకటి పడమై వచ్చిందని ఊరంతా ఒకటే సంబరం. మాకు సినిమా అంటే పడమే. పాతకాలపు జమీందారు, అతని ముందు లేవనని మొండికేసిన కౌలు రైతు, అదీ కథ. నాయన ఆ నవలను ఇంట్లో పైకి చదివి, రైతు ఇల్లు కాల్చే చోట కండ్లు తుడుచుకునేవాడు. అదే నాయన, మా పొలంలో పనిచేసే ముసలాయన గంజి తాగుతూ లేవలేదని, "ఇంకొకసారి లేవకపోతే పనికి రావద్దు" అని ముందటి వారమే చెప్పినాడు. భూమిగలవాడు వస్తే కూలివాడు లేచి, భుజం మీది తుండు తీసి చేతిలో పట్టుకోవల్ల. ఆయన కూర్చున్నాకే తాను కూర్చోవల్ల. దీని మీద సభల్లో గొంతు చించుకున్నాను. ఇంట్లో ఎవరూ చెవిన వేసుకోలేదు.

ఆ సాయంత్రం నేల టికెట్టువాళ్ళు ముందర ఇసుకలో, వెనక బెంచీలు, ఆ వెనక కుర్చీలు. నేను ముసలాయన పక్కన ఇసుకలో చేరినాను. రీలు మార్చడానికి దీపం వేసినప్పుడు, ఆలస్యంగా వచ్చిన నాయన కుర్చీల దగ్గర కనబడినాడు. ముసలాయన దిగ్గున లేచినాడు. సత్రపట్టి కూలివాళ్ళు, చోళపురం కూలివాళ్ళు, నేను తప్ప ఇసుక మీద ఉన్నవాళ్ళందరూ లేచినారు. దీపం ఆరింది. తెర మీద జమీందారు గుర్రం దిగుతున్నాడు. ఆ గుర్రాన్నే చూస్తూ నాయన కూర్చోవడం మరిచిపోయినాడు. ఆయన కూర్చోలేదు గనక వీళ్ళూ కూర్చోలేదు.

"పడం చూడ్డానికి వచ్చినామా, మీ వీపులు చూడ్డానికా?" బెంచీలవాళ్ళు అరిచినారు.

నాయనకూ గుర్రం మరుగైపోయింది. "కూర్చోండ్రా! కూర్చోండి!"

"మీరు కూర్చోలేదే సామీ!" అన్నాడు ముసలాయన చీకట్లోంచి.

డేరా నవ్వుతో ఊగిపోయింది. నాయన చటుక్కున కూలబడినాడు. నేలంతా కూర్చుంది. అదే క్షణంలో తెర మీద రైతు జమీందారు ముందర కాలు కదపకుండా కూర్చున్నాడు! ఈలలే ఈలలు. నా పెదవులు వాచిపోయినాయి.

మర్నాడు పొద్దున కళ్ళంలో ముసలాయన గంజి తాగుతుంటే నాయన వచ్చినాడు. ముసలాయన లేవలేదు.

"ఏమిరా, నేను చెప్పింది మరిచిపోయినావా?"

"నిన్న మీరేగదా సామీ కూర్చోమన్నారు."

"అది పడం. ఇది కళ్ళం."

"అవును సామీ. అక్కడ మీకు పడం కనబడాల. ఇక్కడ నాకు గంజి దిగాల."

నాయన చేతికర్రను నేలలో పొడిచినాడు. పని పోయిందనే అనుకున్నాను. ఆయన వరికుప్ప వైపు కొంచెంసేపు చూసి, గొంతు తగ్గించి అడిగినాడు. "నేను రాకముందు... ఇల్లు కాల్చేది చూపించినారా?"

"చూపించకేం సామీ! ఆ మంటకు మా కండ్లే మండినాయి. రైతు పెండ్లాము ఉంది చూడండి, ఆయమ్మ..." గంజి ముంత పక్కన పెట్టి, చేతులు ఊపుతూ మొదలుపెట్టినాడు, కూర్చునే.

నాయన అటూ ఇటూ చూసినాడు. గడ్డిమోపు ఒకటి లాక్కొని దాని మీద కూర్చున్నాడు.

"ఊఁ, తర్వాత?" అన్నాడు.