నేను ముట్టుకోని మీటలు

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే, నా మీద నింద వేసిన మనవరాలే ఇది టైపు చేస్తోంది.

తను కంప్యూటర్‌లో పాటలు కడుతుంది. పైకీ కిందికీ జరిపే మీటలున్న కొత్త పలకను ఈ రోజు దానికి కలిపి, టీ పెట్టుకోవడానికి వెళ్ళింది. వచ్చేసరికి మీటలు చోటు మారాయి.

"నానమ్మా, సచ్ బోలో, నిజం చెప్పు. నువ్వే కదిపావు కదా?"

"నేను కుర్చీలోంచి లేవలేదే."

"అచ్ఛా, వాటంతటవే కదిలాయా? ఇక నా గదిలో కూర్చోకు."

మధ్యాహ్నాలు ఆ గదిలో పాట వినడమే నా కాలక్షేపం. అందుకే కదల్లేదు. "నువ్వూ కూర్చుని చూడు" అన్నాను. కాసేపటికి ఓ మీట, ఎవరి చెయ్యీ తగలకుండానే కిందికి జారింది.

కంప్యూటర్ లోపల వర్చువల్ మిడీ పోర్ట్ అని కంటికి కనబడని దారి ఉంటుందట. కంప్యూటర్ చెప్పినట్టు కదలడానికి మీటల కింద చిన్న మోటార్లుంటాయట. పంపడానికీ అందుకోవడానికీ ఒకే దారి పెట్టేసరికి, పంపిందే తిరిగొచ్చి మీటల్ని కదిపిందట.

నాకు మా ఆయన హార్మోనియం గుర్తొచ్చింది. అందులో ఆయన ఒక మెట్టు నొక్కితే, పై స్థాయిలో దాని జత మెట్టు తనంతట తానే దిగేది. కొత్త కాపురంలో ఆ జత మెట్టు మీద నేను వేలు ఆనించి కూర్చునేదాన్ని. ఎవరైనా చూస్తే, "మా ఆవిడే వాయిస్తోంది" అనేవారు.

ఇది విని మనవరాలు దారులు వేరు చేసి, పాట పెట్టింది. ఈసారి మీటలు పాటకు తగ్గట్టే పైకీ కిందికీ కదిలాయి. "నానమ్మా, ఈ మీట మీద వేలు ఆనించు" అంది.

ముట్టుకున్నావని తిట్టిన పిల్లే ముట్టుకోమంటోంది. ఇంతవరకూ తప్పయిందని మాత్రం అనలేదు. న్యాయం మీరే చెప్పండి. పాట అయిపోయేదాకా నేను వేలు తియ్యలేదు.