పెదనాన్న తనిఖీ చేసిన పచ్చతీగ

స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మా పెదనాన్నకు రోజుకు ఒక్కటైనా తనిఖీ చెయ్యకపోతే అన్నం సహించదు. బడులు చేజారాక ఆయన చూపు పెరటి మీద పడింది. అది సారం లేని ఇసుక నేల, పైగా ఆమ్ల గుణం. గడ్డి కూడా మొలవదు. నర్సరీ అతను ఏడాదంతా పచ్చగా ఉండి నేలంతా పాకే తీగ మొక్కలు ఇచ్చి, "వీటికి ఇలాంటి నేలే ఇష్టం సార్. వేళ్లు పట్టేదాకా నీళ్లు పోస్తే చాలు, ఇక వాటి జోలికి వెళ్లకండి," అన్నాడు.

జోలికి వెళ్లకుండా ఉండటం పెదనాన్న జాతకంలో లేదు. ఆమ్లం విరుగుతుందని సున్నం చల్లాడు. బలానికని ఎరువు కుమ్మరించాడు. పొద్దున్నే ఒక్కో మొక్కనూ పీకి, వేళ్లు పట్టాయో లేదో చూసి, మళ్లీ పాతేవాడు. అదే చేత్తో వంటింట్లోకొచ్చి, పెద్దమ్మ వండుతున్న కూర మూత తీసి చూసేవాడు. మొక్కలు వాడిపోతే ఆమె నీళ్లు పోసే తీరుకు వంక పెట్టాడు.

తర్వాత మోకాలి ఆపరేషనుకని, పెద్దమ్మను ఇంటి దగ్గరే ఉంచి మా ఇంటికొచ్చి, ఏడాదిపాటు తిష్ఠ వేసి మా ప్రాణాలు తోడేశాడు. చివరికి నేనే తీసుకెళ్లి వాళ్లింట్లో దింపాను.

బతికి బట్టకట్టిన మొక్కలు పెరడంతా అల్లుకుపోయాయి. సున్నం కుప్పపోసిన మూల ఒక్కటే బోసిగా ఉంది. పెద్దమ్మ కూడా కాస్త ఒళ్లు చేసి కళకళలాడుతోంది.

"చూశావురా, నా ఎరువు మహిమ!" అంటూ పెదనాన్న వంగి ఒక తీగ పీకబోయాడు.

పెద్దమ్మ ఆ బోసి మూల చూపించి, "అక్కడింకా రాలేదు. రెండో మోకాలికి ఆపరేషన్ ఎప్పుడండీ?" అంది.