కన్నియమ్మక్క ఆరబెట్టిన నేల

గులకరాళ్ళలో రెసిన్ అనే జిగురు పోసి కలుపుతుంటే వచ్చే ఘాటు వాసన మీకు తెలియకపోవచ్చు. కొత్త చెప్పుల పెట్టె మూత తీసినట్టుంటుంది. ఈ ఉదయం తిరువళ్ళూరులో ఒక ఇంటి తోటలో ఆ వాసన తగలగానే నా చేతిలో తాపీ ఒక్క క్షణం ఆగింది. కన్నియమ్మక్క గుర్తుకొచ్చింది.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే తెలుగు చదవడం, లెక్కలు నేర్పాడు. మిగతా చదువంతా పనికి తోడు పోతూ కన్నియమ్మక్క దగ్గరే. ఆమెది పొదటూరుపేట. ఏళ్ళ తరబడి ఇతరుల కింద సిమెంటు గంప మోస్తూ, చూసి చూసి తాపీ పని నేర్చుకుంది. తిరుత్తణిలో ఒక ఇంటి తోటలో, కుర్చీలు వేసుకుని కూర్చోవడానికి ఈ రాళ్ళ నేల వేయడం ఆమె మేస్త్రిగా ఒప్పుకున్న మొదటి పని. "ఇది చెడిందంటే మళ్ళా గంపే నాకు" అని ముందురోజు బస్సులో నవ్వుతూ అంది. వేళ్ళు మాత్రం టిక్కెట్టును నలుపుతూనే ఉన్నాయి.

మర్నాడు ఆమెకంటే ముందే నేను చేరాను. మంచి పని మొదలవుతోంది కదా అని, అడుగున వేసిన కాంక్రీటును ఊడ్చి, నీళ్ళు చల్లి, చిన్న ముగ్గు పెట్టి, కొండమీది గుడివైపు తిరిగి దండం పెట్టుకున్నాను. నీళ్ళు చల్లని చోట మేము ఏ శుభమూ మొదలుపెట్టం. రెసిన్‌కు తడి పడదని నాకు తెలియదు.

అక్క వచ్చి నేలకు అరచేయి ఆనించింది. "ఎవురు నీళ్ళు చల్లింది?"

నా వేళ్ళకు ముగ్గుపిండి ఉంది. ఆమె చూసింది. ఇంతలో ఇంటాయన వచ్చాడు.

"ఏం, ఇంకా డబ్బాలే తెరవలేదే?"

"నేల తడిగా ఉండాది సామీ. ఇప్పుడేస్తే తెల్లగా పాలిపోతాది, రాళ్ళు నిలవవు. రేపేస్తా."

"నాలుగు దినాల్లో చుట్టాలొస్తారు. ఆడోళ్ళకు మేస్త్రి పనిస్తే ఇంతేనని అందరూ చెప్పినారు. ఎవురు చల్లిందంట?"

"నీళ్ళు చల్లగూడదని ముందే చెప్పాల్సింది నేను, చెప్పలేదు సామీ. తప్పు నాదే. రేపు పొద్దుగూకేలోపల కాకుంటే వేరే మేస్త్రిని పిలుచుకోండి."

ఆయన గొణుక్కుంటూ లోపలికి పోయాడు. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

"ఏడ్చి ఇంకా తడి చెయ్యబాకమ్మే" అంది అక్క. పాతగుడ్డ ఒకటి నా చేతికిచ్చి, "సామికి దండం పెట్టుకో, మంచిదే. నీళ్ళు మాత్రం చెట్లకు పొయ్యి."

ఆ రోజంతా పాతగుడ్డలతో నేల తుడిచి ఎండకు వదిలాం. మర్నాడు కలిపిన రాళ్ళు గట్టిపడేలోపల పరచాలని ఊపిరి సలపకుండా పనిచేశాం. చివరి మూల మిగిలినప్పుడు ఆమె తన తాపీ నా చేతికిచ్చి, "నువ్వు సాపు చెయ్యి" అంది. పొద్దు ఉండగానే ముగించాం. నేల గట్టిపడ్డాక ఇంటాయన బిందెడు నీళ్ళు కుమ్మరించి చూశాడు. నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి చడీచప్పుడు లేకుండా దిగిపోయాయి. "మా అన్న ఇంట్లో కూడా వేస్తావా మేస్త్రీ?" అని అడిగాడు. ఆ పిలుపుకు అక్క పక్కకు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇప్పుడు ఆమె మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టునే ఉంటోంది. పనులు నేను చూస్తున్నాను. పోయిన నెల ఒకచోట, ఒక మూల రంగు తేడాగా పడింది. ఎవరు చేశారని ఇంటామె అడిగింది. రాళ్ళు పంపినవాళ్ళ మీదికి నెట్టే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "నేనే సరిగ్గా కలపలేదమ్మా, తీసి మళ్ళీ వేస్తాను" అన్నాను. ఆ నాలుగు మాటలకు నాకెంత సేపు పట్టిందో. కన్నియమ్మక్కకు ఆ రోజు రెప్పపాటు కూడా పట్టలేదు. దీపం పెట్టినప్పుడల్లా సామిని నేనడిగేది అదే, ఆ మాట నాకు ఇంకొంచెం తొందరగా రావాలని.